కాల్షీట్ నుంచి చదరపు అడుగు దాకా: వడపళనిలో ఒక స్టూడియో నేల చరిత్ర

చెన్నైలో ఆర్కాట్ రోడ్డు వంద అడుగుల రోడ్డును కలిసే వడపళని కూడలికి దగ్గరలో నెక్సస్ విజయా మాల్ ఉంది. సుమారు 6.5 లక్షల చదరపు అడుగుల దుకాణ స్థలం, తొమ్మిది తెరల మల్టీప్లెక్స్, వాటికి ఆనుకుని కొంత కార్యాలయ స్థలం కలిసిన ఈ కట్టడం చూడడానికి దేశంలోని ఏ పెద్ద నగరపు మాల్‌కూ భిన్నంగా కనిపించదు. అయితే స్టాక్ మార్కెట్ పత్రాల్లో ఈ ఆస్తిని సొంతంగా కలిగిన కంపెనీ పేరు చూసిన తెలుగువారు ఒక్క క్షణం ఆగిపోవడం ఖాయం. ఆ పేరు విజయా ప్రొడక్షన్స్ ప్రైవేట్ లిమిటెడ్. తెరమీద ఎగిరే కపిధ్వజంతో మూడు తరాలకు పరిచయమైన సంస్థ పేరు ఇప్పుడు ఒక మాల్ యాజమాన్య పత్రంలో ఉంది. ఈ మార్పును తెలుగు సినిమా మద్రాసును వదిలి వెళ్లిన విషాదానికి చివరి అంకంగా చెప్పుకోవడం మామూలే. లెక్కల వైపు నుంచి చూస్తే మరో సంగతి కనబడుతుంది. పైకప్పు వేసిన స్థలాన్ని కొలిచి అద్దెకివ్వడమే ఈ నేల మీద మొదటి నుంచీ సాగుతున్న వ్యాపారం. అద్దెకు తీసుకునేవారు, అద్దెను కొలిచే కొలత, ఆ అద్దె చివరికి చేరే చోటు మాత్రమే మారుతూ వచ్చాయి.

కోడంబాక్కం, వడపళని, సాలిగ్రామం ప్రాంతాలు గత శతాబ్దం మధ్యలో మద్రాసుకు శివార్లు. ఎలక్ట్రిక్ రైలు 1931 నుంచే కోడంబాక్కం మీదుగా తాంబరం వెళ్లేది కానీ, రైలు గేటు దాటితే ఊరు పలచబడిపోయేది. స్టూడియోలకు కావలసింది కూడా అదే. చవకగా దొరికే విశాలమైన స్థలం, ట్రాము, బస్సు మోతలు వినపడని నిశ్శబ్దం, నగరంలోని నటీనటులు అరగంటలో చేరగల దూరం ఈ మూడూ ఒకచోట కలిసినందువల్ల ఏవీయం మొదలుకొని అనేక స్టూడియోలు ఇక్కడే వెలిశాయి. మూలా నారాయణస్వామి, బి.ఎన్.రెడ్డి కలిసి ఏర్పాటు చేసిన వాహినీ స్టూడియో వాటిలో ఒకటి. ఇద్దరూ రాయలసీమవారే, ఒకరిది తాడిపత్రి వ్యాపార కుటుంబం, మరొకరిది కడప జిల్లా. నారాయణస్వామి ఆర్థిక చిక్కుల్లో పడిన తరువాత బి.ఎన్.రెడ్డి తమ్ముడు నాగిరెడ్డి ఆ స్టూడియోను మొదట లీజుకు తీసుకుని, అనంతరం సొంతం చేసుకున్నారు. చక్రపాణితో కలిసి ఆయన నడిపిన విజయా ప్రొడక్షన్స్ తొలి చిత్రం 1950లో విడుదలైంది. ఈ రెండూ కలిసి విజయా వాహినీ స్టూడియోస్ అయ్యాయి. ఆసియాలోనే అతి పెద్ద స్టూడియో అన్న పేరు చాలాకాలం దానికే ఉండేది.

విజయా పేరు చెప్పగానే ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ గుర్తుకు రావడం సహజమే. కానీ స్టూడియోను ఏడాది పొడవునా నడిపించినది సొంత చిత్రాలు కావు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ లాంటి చిత్రం ఎన్ని నెలలు సెట్ల మీద ఉన్నా, మిగిలిన ఫ్లోర్లు అదే సమయంలో తెలుగు, తమిళ, కన్నడ, హిందీ నిర్మాతలకు కిరాయికి తిరుగుతూనే ఉండేవి. ఫ్లోర్ అంటే నడుమ స్తంభం లేని ఎత్తైన గోదాము. పైన దీపాలు వేలాడదీసేందుకు, లైట్‌బాయ్‌లు నడిచేందుకు పలకల దారులు, బయటి చప్పుడు లోపలికి రాకుండా మందపాటి గోడలు ఉండేవి. దానిని కాల్షీట్ లెక్కన, అంటే షూటింగ్ పూటల లెక్కన, ఇచ్చేవారు. ఫ్లోర్‌తో పాటు కెమెరా, లైట్లు, సెట్ సామాను, వడ్రంగి పని, రంగుల పని, ల్యాబ్‌లో కడగడం, ప్రింట్లు తీయడం అన్నీ ఆ ఆవరణలోనే దొరికేవి. నిర్మాత ఒక గేటు లోపలికి కథతో వచ్చి, అదే గేటు నుంచి ప్రింట్లతో బయటికి వెళ్లగలిగేవాడు.

బాకీలు వసూలయ్యే పద్ధతిని కూడా గమనించాలి. ఆ రోజుల్లో స్టూడియో కిరాయి, ల్యాబ్ ఖర్చు చాలా వరకు అరువు మీదే సాగేవి. చిత్రం విడుదల వేళకు బాకీ తీరితేనే నెగటివ్ నుంచి ప్రింట్లు వెళ్లేవి. ఈనాటి మాల్ యజమాని దుకాణదారు నుంచి కొన్ని నెలల అద్దెను డిపాజిట్‌గా ముందే పట్టుకుంటే, ఆనాటి స్టూడియో యజమాని నెగటివ్‌ను పట్టుకునేవాడు. రెండింటిలోనూ స్థలం ఇచ్చినవాడికి హామీ ఉంది. ఒకటి డబ్బు రూపంలో, మరొకటి ఇంకా వ్యాపారం కాని వస్తువు రూపంలో. ఆ రెండో రకం హామీ ఎంత బలహీనమైనదో పరిశ్రమ చెదరడం మొదలైన తరువాతే స్టూడియోలకు తెలిసివచ్చింది. విడుదలే కాని చిత్రం నెగటివ్ డబ్బాలో ఉంటే బాకీ తీరదు.

చెదరడానికి కారణాలు ఒకటికి నాలుగు ఉన్నాయి. తేలికపాటి కెమెరాలు, వేగంగా పనిచేసే ఫిల్మ్ వచ్చాక కథలు ఫ్లోర్ గోడలు దాటి బయటికి నడిచాయి. నిజమైన ఇల్లు, నిజమైన వీధి ఉండగా పలకల ఇంటికి కిరాయి కట్టవలసిన అవసరం తగ్గింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాయితీలతో పరిశ్రమను హైదరాబాదుకు పిలిచింది. అక్కడ సారథీ స్టూడియో అప్పటికే ఉండగా 1976లో అన్నపూర్ణ స్టూడియోస్, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చాయి. మద్రాసులో మిగిలిన తమిళ చిత్రాలు కూడా ఫ్లోర్ మీద గడిపే రోజులు తగ్గించుకున్నాయి. స్టూడియో ఖర్చు మాత్రం అదే పాళ్లలో తగ్గదు. వడ్రంగులు, పెయింటర్లు, మౌల్డర్లు, ల్యాబ్ సిబ్బంది నెలజీతాల మీద ఉంటారు; నటులను కూడా నెలజీతానికి పెట్టుకున్న సంస్థ విజయా. ఫ్లోర్ ఖాళీగా ఉన్న నెలలో కూడా జీతాల రోజు వస్తుంది.

ఈ స్థితిలో మద్రాసు స్టూడియోల నేలలకు రకరకాల గతులు పట్టాయి. మౌంట్ రోడ్డు మీది జెమినీ స్టూడియో నేల ముక్కలై కొంత భాగం అపార్టుమెంట్లు, దుకాణాల సముదాయంగా, కొంత హోటల్‌గా మారింది. అక్కడ మిగిలినది ఫ్లైఓవర్‌కు జనం పెట్టుకున్న జెమినీ అన్న పేరే. విజయా నేల అంత తొందరగా ముక్కలు కాలేదు. నాగిరెడ్డి స్టూడియో ఇంకా బాగా నడుస్తున్న 1972లోనే విజయా హాస్పిటల్‌ను ప్రారంభించారు. వడపళనిలోనే ఆయన ముద్రణాలయం, అక్కడి నుంచే బహుభాషల చందమామ వెలువడేవి. కల్యాణ మండపం కూడా వచ్చింది. పెళ్లి మండపమూ ఒక ఫ్లోరే అనడం హాస్యం కోసం కాదు. ఎత్తైన కప్పు, నడుమ స్తంభాలు లేని హాలు, వంటశాల, విడిది గదులు, రోజు లెక్కన కిరాయి, ముందస్తు అడ్వాన్స్ అనే ఏర్పాటు స్టూడియో లెక్కకు చాలా దగ్గరగా ఉంటుంది. పైగా ముహూర్తాలు సినిమా పరిశ్రమతో పాటు హైదరాబాదుకు తరలిపోవు. నెల్లూరు, చిత్తూరు, కడప జిల్లాల నుంచి వైద్యం కోసం వచ్చే కుటుంబాలకు వడపళని పేరు షూటింగుల వల్ల కాకుండా ఆసుపత్రి వల్ల తెలియడం ఆ తరంలోనే మొదలైంది.

ఇంతలో శివారు శివారుగా ఉండడం మానేసింది. గిండీని కోయంబేడుతో కలిపే వంద అడుగుల రోడ్డు వడపళనిని నగరానికి ఒక మూల నుంచి నాలుగు దారుల కూడలికి మార్చింది. 1996లో జార్జిటౌన్‌లోని కొత్వాల్ చావడి నుంచి కూరగాయల టోకు మార్కెట్ కోయంబేడుకు వచ్చింది. 2002లో దాని పక్కనే దూరప్రాంత బస్సుల స్టాండు వచ్చింది. ఆంధ్ర వైపు బస్సులు 2018లో మాధవరం తరలేదాకా తిరుపతి, నెల్లూరుల నుంచి చెన్నైకి వచ్చిన ప్రయాణికుడు దిగే చోటు వడపళనికి మూడు నాలుగు కిలోమీటర్లే. 2015 జూన్ 29న నగరపు మొదటి మెట్రో కోయంబేడు నుంచి ఆలందూరు దాకా నడిచింది. అందులో వడపళని ఒక స్టేషన్. చప్పుడు లేదని స్టూడియోకు ఎంచుకున్న స్థలం ఇప్పుడు చప్పుడు ఉన్నందుకే విలువైనదయింది.

నేల విలువ పెరిగినప్పుడు ఫ్లోర్ ఎదుర్కొనే కష్టం దాని ఆకారంలోనే ఉంది. ఎత్తుగా కనిపించినా ఫ్లోర్ ఒకే అంతస్తు కట్టడం. ఒక చదరపు అడుగు నేల మీద ఒక చదరపు అడుగే అద్దెకు వస్తుంది. నగర నియమాలు నేల విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో నిర్ణయిస్తాయి. ఇళ్లు కట్టేవారి నోట అదే ఎఫ్‌ఎస్‌ఐ. అనుమతించిన రెట్లను వాడుకోని స్థలం, యజమాని దృష్టిలో, ప్రతి నెలా కొంత ఆదాయాన్ని వదులుకుంటున్న స్థలం. మాల్ ఆ నేలనే అంతస్తులుగా పేర్చి, భూమి కింద వాహనాలను దాచి, పైన సినిమాను పెడుతుంది. సినిమా పై అంతస్తులో ఉండడానికి కారణం ఉంది. ఆట కోసం వచ్చినవారు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు నడుమనున్న అంతస్తులన్నీ దాటాలి. ఒకప్పుడు ఈ నేలకు సినిమాయే సరుకు. మాల్‌లో సినిమా జనాన్ని పైదాకా లాగే తాడు.

బెంగళూరు ప్రెస్టీజ్ సంస్థతో కలిసి విజయా వర్గం కట్టిన మాల్ 2013లో ‘ఫోరం విజయా’ పేరుతో తెరుచుకుంది. ప్రెస్టీజ్‌కు 2004 నుంచి బెంగళూరు కోరమంగలలో ఫోరం మాల్ నడిపిన అనుభవం ఉంది. నేల విజయా వర్గానిది. చెన్నైకి అప్పటికి మాళ్లు కొత్త కావు. 2009లో అమింజికరైలో ఆంపా స్కైవాక్, 2010లో రాయపేటలో ఎక్స్‌ప్రెస్ అవెన్యూ, 2013లోనే వేళచ్చేరిలో ఫీనిక్స్ మార్కెట్‌సిటీ వచ్చాయి. వీటన్నిటికంటే ముందు నగరంలో మాల్ అన్న మాటకు అర్థంగా నిలిచినది మౌంట్ రోడ్డు స్పెన్సర్ ప్లాజా. దాని గతి తెలిస్తే వడపళనిలో ఏం జరిగిందో బాగా అర్థమవుతుంది.

పంతొమ్మిదో శతాబ్దపు స్పెన్సర్ దుకాణపు పాత కట్టడం 1980ల మొదట్లో మంటల్లో కాలిపోయింది. తరువాత ఆ స్థలంలో లేచిన కొత్త సముదాయం దశలు దశలుగా విస్తరించింది. అందులో దుకాణాలను విడివిడిగా అనేకమంది యజమానులకు అమ్మివేశారు. కట్టినవారికి పెట్టుబడి వెంటనే తిరిగి వస్తుంది కనుక ఆ పద్ధతి అప్పట్లో తెలివైనదిగానే తోచింది. కానీ వందలమంది యజమానులున్న కట్టడంలో ఏ అంతస్తులో ఏ వ్యాపారం ఉండాలో నిర్ణయించే చెయ్యి ఉండదు. పక్కపక్కనే నాలుగు ఫోన్ కవర్ల కొట్లు వెలుస్తాయి. ఖాళీ అయిన దుకాణాన్ని యజమాని తాళం వేసి వదిలేస్తాడు. పాత ఏసీ, ఎస్కలేటర్ మార్చాలంటే అందరూ డబ్బు వేసుకోవాలి. కొత్త మాళ్లు వచ్చిన తరువాత స్పెన్సర్ ప్లాజా వెలవెలబోవడంలో పోటీ పాత్ర ఎంతో, ఈ ముక్కల యాజమాన్యం పాత్ర కూడా అంతే ఉంది. వడపళనిలో ఒక్క దుకాణమూ అమ్మలేదు, అన్నీ లీజుకే ఇచ్చారు. పొలాన్ని పంచుకోని ఉమ్మడి కుటుంబం లాగా, స్టూడియో కాలం నుంచీ నేల ఒకే చేతి కింద నిలిచినందువల్లే ఇది సాధ్యమైంది. పంపకాల్లో ముక్కలైన నేలను తిరిగి ఒకటి చేసి మాల్ కట్టడం చెన్నై లాంటి నగరంలో దాదాపు అసాధ్యం.

మాల్ లీజు నిబంధనలు తెలుగు సినిమా వ్యాపారం తెలిసినవారికి పరాయి భాషలా వినిపించవు. దుకాణదారు ప్రతి నెలా కట్టవలసిన కనీస మొత్తాన్ని అక్కడ కూడా ‘మినిమం గ్యారంటీ’ (ఎంజీ) అనే అంటారు. దానికి తోడు అమ్మకాల మీద ఒక శాతం ఉంటుంది. రెండింటిలో ఏది ఎక్కువైతే అది యజమానికి చెందుతుంది. సినిమా పంపిణీలో ఎంజీ కట్టిన పంపిణీదారు తన డబ్బు వెనక్కి వచ్చిన తరువాత మిగులును నిర్మాతతో పంచుకుంటాడు. రెండు చోట్లా వ్యాపారం బాగుంటే పైవాటా ఉంటుంది, బాగా లేకపోయినా కనీసం వస్తుంది. లెక్కలు చూసే తీరు కూడా కలుస్తుంది. థియేటర్ నుంచి పంపిణీదారుకు ప్రతి రాత్రీ ఆ రోజు వసూళ్ల లెక్క అయిన డీసీఆర్ వెళ్లినట్టు, దుకాణాల బిల్లింగ్ యంత్రాల అమ్మకాలు మాల్ నిర్వాహకులకు చేరతాయి. ఏ దుకాణం చదరపు అడుగుకు ఎంత అమ్ముతోందో ఆ లెక్క చెబుతుంది. లీజు గడువు ముగిసినప్పుడు ఎవరిని ఉంచాలో, ఎవరిని సాగనంపాలో దానిని బట్టే తేలుతుంది. అద్దె కాక దీపాలు, ఏసీ, కాపలా, శుభ్రత ఖర్చులకు నిర్వహణ రుసుము వేరు. స్టూడియోలో ఫ్లోర్ కిరాయి వేరు, కరెంటు వేరు అన్నట్టే.

పై అంతస్తులోని మల్టీప్లెక్స్‌ను సత్యం థియేటర్ నడిపే ఎస్‌పీఐ సినిమాస్ ‘పలాజో’ పేరుతో తెరిచింది. 2018లో ఎస్‌పీఐని పీవీఆర్ కొన్నది, 2023లో పీవీఆర్, ఐనాక్స్ ఒకటయ్యాయి. అంటే ఒకప్పుడు తెలుగు చిత్రాలు తయారైన నేల మీద హైదరాబాదులో తయారైన తెలుగు చిత్రాలను జాతీయ స్థాయి గొలుసు సంస్థ ఆడిస్తోంది. 2020 మార్చిలో కోవిడ్ వల్ల మాళ్లు మూతపడి, తమిళనాడులో సెప్టెంబరు మొదట్లో దుకాణాలు, నవంబరు 10న థియేటర్లు తెరుచుకున్నాయి. కనీస అద్దె అనే గోడ ఎంత గట్టిదో ఆ నెలల్లో దేశమంతటా పరీక్షకు వచ్చింది. మూసి ఉన్న దుకాణం నుంచి గ్యారంటీ అడగడం కష్టమని తేలి, మాళ్లన్నీ కొంతకాలం అమ్మకాల వాటాతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆ దెబ్బ తగిలిన కాలంలోనే యాజమాన్యం మారింది. ప్రెస్టీజ్ సంస్థ అప్పుల భారం తగ్గించుకునేందుకు తన అద్దె ఆస్తుల్లో పెద్ద భాగాన్ని అమెరికా పెట్టుబడి సంస్థ బ్లాక్‌స్టోన్‌కు అమ్మే ఒప్పందాన్ని 2020 చివర్లో ప్రకటించింది. 2021లో ఆ బదిలీ జరిగింది. ఫోరం పేరు పోయి బ్లాక్‌స్టోన్ మాళ్ల సంస్థ పేరైన నెక్సస్ వచ్చింది, ‘విజయా’ మాత్రం మిగిలింది. 2023 మే నెలలో నెక్సస్ సెలెక్ట్ ట్రస్ట్ స్టాక్ మార్కెట్‌లో నమోదైంది. 14 నగరాల్లోని 17 మాళ్లను చేర్చి, యూనిట్‌కు 100 రూపాయల చొప్పున 3,200 కోట్ల రూపాయలు సేకరించిన ఆ ట్రస్టు మాళ్ల రంగంలో దేశంలో మొదటి రీట్. కూకట్‌పల్లిలో ఒకప్పుడు ఫోరం సుజనా మాల్‌గా ఉండి నెక్సస్ హైదరాబాద్‌గా మారినది కూడా అందులోనే ఉంది.

స్థిరాస్తి పెట్టుబడి ట్రస్టును వాడుకలో రీట్ అంటారు. దాని నియమాలను స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2014లో నిర్ణయించింది. ఆస్తుల్లో కనీసం 80 శాతం కట్టడం పూర్తయి అద్దె వస్తున్నవై ఉండాలి; పంచడానికి వీలైన నగదులో కనీసం 90 శాతం యూనిట్‌దారులకు పంచాలి. దుకాణదారు కట్టిన అద్దె ముందుగా ఆస్తిని కలిగిన కంపెనీకి, అంటే వడపళని విషయంలో విజయా ప్రొడక్షన్స్‌కు, చేరుతుంది. అక్కడి నుంచి ట్రస్టుకు, ట్రస్టు నుంచి యూనిట్‌దారులకు వెళుతుంది. చక్రపాణి పుట్టిన ఊరు తెనాలిలో డీమ్యాట్ ఖాతా ఉన్న ఎవరైనా నాలుగు యూనిట్లు కొంటే, వాహినీ ఫ్లోర్లు ఉన్న నేల మీద వచ్చే అద్దెలో పైసల వంతున వాటాదారే. ఒకప్పుడు ఆ కంపెనీ ఏ కథ తీయాలన్నది ఇద్దరు మనుషులు ఒక గదిలో కూర్చుని తేల్చేవారు. ఇప్పుడు దాని పేరు మీద ఏ దుకాణం ఉండాలన్నది లీజు బృందాల లెక్క తేలుస్తుంది, ఆ లెక్క మూడు నెలలకొకసారి మార్కెట్‌కు చేరుతుంది.

రీట్ పద్ధతిలో ఒక మంచి, ఒక ఇబ్బంది కలిసే ఉన్నాయి. నేల ముక్కలు కాకుండా, నిర్వహణ ఒకే చేతిలో ఉండి, యాజమాన్యాన్ని మాత్రం వేలమందికి పంచవచ్చు. స్పెన్సర్ ప్లాజా చేసిన తప్పుకు ఇదే విరుగుడు. కానీ వచ్చిన నగదులో అత్యధిక భాగం పంచక తప్పనప్పుడు, కట్టడాన్ని భారీగా మార్చాలంటే అప్పు చేయాలి లేదా కొత్త యూనిట్లు అమ్మాలి. నాగిరెడ్డి లాంటి యజమాని స్టూడియో లాభాన్ని పదేళ్లు ఓపికపట్టి ఆసుపత్రిలో పెట్టగలిగారు. అద్దె రాని ఆసుపత్రికి ఆదాయాన్ని మళ్లించే స్వేచ్ఛ ట్రస్టు నిర్వాహకులకు ఉండదు. పెట్టుబడిదారుల దృష్టిలో అది రక్షణే. ఊరి వైపు నుంచి చూస్తే, ఒక నేల మీద సంపాదించినది అదే పేటలో మరో రూపంలో నిలబడే దారి మూసుకుపోయింది. వడపళనిలో ఆసుపత్రి, పెళ్లి మండపం, మాల్ ఒకే పేరుతో కనిపించడానికి కారణం పాత పద్ధతి. ఇకపై అలాంటి నాలుగోది వస్తుందని అనుకోవడానికి ఆధారం లేదు.

పోటీ కూడా దగ్గరకు వచ్చింది. 2018లో అన్నానగర్ వైపు వీఆర్ మాల్ తెరుచుకున్నాక, కోయంబేడుకు ఉత్తరాన ఉన్న కుటుంబాలు వడపళని దాకా రావలసిన అవసరం తగ్గింది. 2023 డిసెంబరులో కిళాంబాక్కం బస్ టెర్మినస్ తెరుచుకుని దక్షిణ జిల్లాల బస్సులు అటు మళ్లడంతో కోయంబేడులో దిగి అటూ ఇటూ తిరిగే జనం కూడా పలచబడ్డారు. దీనికి ఎదురుగా, మెట్రో రెండో దశలో లైట్‌హౌస్ నుంచి పూందమల్లి దాకా వేసే నాలుగో కారిడార్ ఆర్కాట్ రోడ్డు మీదుగా వడపళని దాటుతుంది. అప్పుడు ఈ కూడలి రెండు మెట్రో మార్గాలు కలిసే చోటవుతుంది. 2019లో తమిళనాడు తెచ్చిన ఉమ్మడి భవన నియమాలు ఎత్తైన కట్టడాలకు 3.25 ఎఫ్‌ఎస్‌ఐ అనుమతించాయి. ఆర్కాట్ రోడ్డు పొడవునా మిగిలిన పాత ఫ్లోర్లు, ల్యాబులు, ప్రివ్యూ థియేటర్ల యజమానుల ముందు ఈ రెండు సంగతులూ కలిసి ఒక ధరగా కూర్చున్నాయి. వాటిలో చాలా వాటికి విజయాకు ఉన్నంత విశాలమైన, పంపకాలు కాని నేల లేదు. వాటి స్థానంలో మాల్ రావడం కన్నా, కింద ఒక నగల దుకాణం, పైన అపార్టుమెంట్లు రావడమే ఎక్కువగా జరగవచ్చు.